రాకపోయినా సరే

కండెలు చుట్టే పనికి పేరు లేదు. మగ్గం మీద కూర్చునేవాణ్ణి నేతగాడంటారు, నూలు తెచ్చి ఇచ్చేవాణ్ణి షావుకారంటారు, లుంగీలు మూటగట్టి మద్రాసుకు తోలేవాణ్ణి ఏజెంటంటారు. రాట్నం ముందు కాళ్లు చాపుకొని పొద్దున్నించి పొద్దుగూకేదాకా నూలును కండెలకెక్కించే మనిషిని మాత్రం "ఇంట్లో ఆడోళ్లు ఉండారు కదా" అంటారు. తిరుత్తణిలో ఆ వీధి పొడుగునా అంతే. చెంగల్వరాయుడి ఇంట్లో ఆ ఆడోళ్లంటే ఒక్కతే, అతని పెండ్లాం ఇన్నాసమ్మ. అత్త పచ్చయమ్మకు చూపు మసక, పోగు తెగినా కనిపించదు. కూతురు వళ్ళి ఇంకా బడికి పోతోంది.

ఇన్నాసమ్మ అంటే ఆ వీధిలో ఎవరికీ తెలియదు లెండి. కొండ మీద తాళి కట్టించుకొని దిగివచ్చిన రోజే పచ్చయమ్మ, "ఇన్నాసమ్మా? అదేం పేరుమే, నా నోరు తిరగలా" అని ఆ కొండ సామి పెండ్లాం పేరే తెచ్చి దేవసేన అని పెట్టేసింది. పాపం, దేవసేన మీద ఆమెకేం కోపం లేదు, కొండ మీద సామి మీద అంతకన్నా లేదు. పిలిస్తే పలికేది. ఒక్కోసారి పోగులకు పెట్టే గంజి కుండలో పొంగిపోతుంటే "దేవసేనా, దేవసేనా" అని అత్త ఎంత అరిచినా, ఎవరినో పిలుస్తున్నారులే అని రాట్నం తిప్పుతూనే ఉండేది. తర్వాత తిట్లు తినేది.

ఆ ఇంట్లో రేడియో చెంగల్వరాయుడిది. మగ్గం పక్కన గూట్లో ఉండేది. సాయంత్రం అతను నేత ఆపి కాళ్లు కడుక్కొని టీకొట్టుకు పోయివచ్చే ఆ కాస్త వ్యవధిలోనే దాని చెవి తిప్పే అవకాశం ఇన్నాసమ్మకు దొరికేది. అలా తిప్పుతుంటే ఒకరోజు కీచుకీచుమనే మోత మధ్య నుంచి ఒక ఆడమనిషి గొంతు తెలుగులో వచ్చింది. ఎక్కడో సముద్రం అవతలి నుంచి వచ్చే క్రైస్తవుల కార్యక్రమం అది. "గుడికి దూరమైపోయిన మా అక్కచెల్లెళ్లకూ అన్నదమ్ములకూ ఈ పావుగంట. ఎందుకు పోయారని మేం అడగం. తలుపు తీసే ఉంది, రండి" అంది ఆ గొంతు. ఇన్నాసమ్మ చెవి తిప్పడం ఆపేసింది. పుట్టింట్లో సాయంత్రం జపమాల చెప్పేటప్పుడు వాళ్లమ్మ గొంతు కూడా సరిగ్గా అలాగే, కాస్త బొంగురుగా ఉండేది. అప్పట్నుంచి వారానికొకసారి ఆ వేళకు ఆమె పని ఎలాగో రేడియో గూటి దగ్గరికే వచ్చేది.

దూరమైపోయినవాళ్లు! వినడానికి ఎంత మర్యాదగా ఉంది. ఆమె దూరమైపోలేదు, వరసలో నుంచి చెయ్యిపట్టి లాగేశారు. ఆమెది కడంబత్తూరు, నాలుగు తరాల క్యాతలిక్కు కుటుంబం. తిరువళ్లూరులో కన్యాస్త్రీలు నడిపే కుట్టు క్లాసుకు రైలెక్కి పోయివస్తూ, అదే రైల్లో లుంగీల మూటతో వచ్చే చెంగల్వరాయుణ్ణి చూసింది. అతను నవ్విస్తాడు, పాడతాడు, మూట మీద చోటిచ్చి కూర్చోమంటాడు. ఇంకేం కావాలి ఆ వయసుకు? ఇంట్లో ఒప్పుకోలేదు, తిరుత్తణి కొండెక్కింది. కొన్నాళ్లకు అన్న పెళ్లికి పిలుపు వస్తే బిడ్డను చంకనేసుకొని పోయింది. పూజలో గురువు నాలుక మీద పెట్టే అప్పాన్ని అక్కడివాళ్లు నన్మై అంటారు. అలవాటు కొద్దీ నన్మై వరసలో నిలబడింది. గుడి పనులు చూసే ఉపదేశి సవరిముత్తు వచ్చి, బంధువులందరి ముందూ మోచెయ్యి పట్టుకొని పక్కకు లాగాడు. "గుడి బయట తాళి కట్టించుకుంటివి. నీ మొగుడు వచ్చి ఈ పీఠం ముందర నిలబడి చేవ్రాలు పెట్టేదాకా నీకు నన్మై లేదు, పో" అన్నాడు. వాళ్ల నాయన తల తిప్పుకున్నాడు. ఆ తల తిప్పుకోవడం ఆమెకు సవరిముత్తు చెయ్యి కన్నా ఎక్కువ నొప్పి.

ఇంటికి వచ్చి మొగుడి ముందు కూర్చుని ఏడ్చింది. "అంతే కదా, వస్తాలే. చెల్లెలి పెళ్లి కానీ" అన్నాడతను. చెల్లెలి పెళ్లికి ఊరంతటికీ ఆమే వండింది. "రెండో మగ్గం పడనీ" అన్నాడు. రెండో మగ్గానికీ కండెలు ఆమే చుట్టింది. "ఈ ఆడి కృత్తిక పోనీ" అన్నాడు. ఆడి నెలలో కొండ మీద సామికి జరిగే ఆ పండగంటే తిరుత్తణిలో మామూలు సంగతా? కావడులు మోసుకొని వచ్చే చుట్టాలు, చుట్టాల చుట్టాలు, వాళ్ల వెంట వచ్చిన ముక్కూమొహం తెలియనివాళ్లు, అందరికీ ఆ ఇల్లే సత్రం. పొయ్యి ముందు ఆమె, అరుగు మీద వాళ్లు. ఏడాదికేడాది ఒక ఆడి కృత్తిక పోయేది, ఇంకొకటి వచ్చేది. మధ్యలో కూర మాడినా, ఎదురు మాట వచ్చినా, "నువ్వు ఇట్ల ఉంటే నేనెట్ల వస్తానుమే మీ గుడికి?" అనేవాడు. అతను చెడ్డవాడు కాదు, కొట్టేవాడు కాదు, తాగేవాడూ కాదు. చేతిలో ఒక తాళంచెవి ఉందని తెలిసిన మనిషి దాన్ని ఊరికే గలగలలాడిస్తూ ఉంటాడే, అలాంటివాడు. గుడిలో ఇంకెవరినైనా అడగొచ్చు కదా అంటారేమో. ఎవర్ని అడగాలి? మోచెయ్యి ఇంకా మండుతోంది.

అలా ఉండగా ఎనభై నాలుగు వేసవిలో ఒక సాయంత్రం రేడియోలో ఆ బొంగురు గొంతు ఒక ప్రశ్న చదివింది. ఎవరో తల్లి అడిగిందట. "వేరే మతం ఆయన్ని గుడి బయట పెళ్లి చేసుకున్నాను. ఆయన గుడికి రానంటున్నాడు. ఆయన రాకపోతే నాకింక దారి లేదా?" ఇన్నాసమ్మ రాట్నం ఆపేసింది. తన గుండెలోది ఎవరో తీసి గాలిలో చదువుతున్నట్టుంది. "దారి లేదనుకోవద్దమ్మా" అంది గొంతు. "మీ భర్త రాకపోయినా సరే—"

చెంగల్వరాయుడు లోపలికి వస్తూనే చెవి తిప్పేశాడు. "ఏందిమే ఈ గొణుగుడు? పాట పెట్టుకోక" అన్నాడు. సినిమా పాట మొదలైంది. అతను దానితో పాటు గొంతు కలిపాడు కూడా, మంచి గొంతు.

రాకపోయినా సరే. ఆ తర్వాత ఏమిటి? ఆ వారమంతా ఇన్నాసమ్మ ఆ మాటకు తోక అతికిస్తూనే గడిపింది. బియ్యం కడుగుతూ అతికించింది, గంజి కాస్తూ అతికించింది. రాకపోయినా సరే, ప్రార్థన చేసుకో అన్నారేమో. రాకపోయినా సరే, ఓర్చుకో అన్నారేమో. అవును, అదే అయ్యుంటుంది, ఆడదానికి చెప్పే ఏ మాటకైనా చివర ఓర్చుకో అనే కదా వస్తుంది. కానీ ఆ గొంతు ఓర్చుకో అనబోయే గొంతులా లేదు. మళ్లీ వారం అదే వేళకు రేడియో ముందు కూర్చుంటే గుర్రుమని ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. సెల్లులు అయిపోయాయి. "ఇప్పుడేం అవసరం? ఆడి పోనీ, వేస్తాం" అన్నాడు మొగుడు. దానికీ ఆడే!

అత్తకు తిరువళ్లూరు వీరరాఘవ సామి అంటే ప్రాణం. అమావాస్యకు పోవాలంటే తోడు కావాలి, ఆ తోడు ఎవరో చెప్పనక్కరలేదు. ఆ అమావాస్యకు ఎప్పుడూ లేనిది ఇన్నాసమ్మే ముందు లేచి బయలుదేరదీసింది. అరక్కోణం దాటి రైలు కడంబత్తూరులో ఆగినప్పుడు కిటికీలో నుంచి తొంగి చూసింది. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు, వాళ్లలో తనవాళ్లెవరూ లేరు. దర్శనం అయ్యాక పచ్చయమ్మ మండపంలో చతికిలబడి వక్కాకు సంచి విప్పింది.

"అత్తా, ఇక్కడే కూర్చో. ఒక గడియలో వచ్చేస్తా" అంది ఇన్నాసమ్మ.

"యాడికి?"

ఏదో ఒక అబద్ధం తయారుగానే ఉంది. నోటికి మాత్రం వేరే మాట వచ్చింది. "మా గుడికి."

పచ్చయమ్మ ఆకుకు సున్నం రాసుకోవడం ఆపలేదు. "పో. ఎండెక్కక ముందే వచ్చేయ్."

"ఆయనకు..."

"వానికి నేనేం చెప్తా? ఆడోళ్లు యాడికి పోయినారని మా ఇంట్లో మొగోళ్లు ఎప్పుడడిగినారు, కూడు ఆలస్యమైతే తప్ప?"

గుడి గోడ దగ్గర తెల్ల అంగీ మోచేతుల దాకా మడిచిన ఒక పెద్దాయన మైదా పసైతో కాగితం అతికిస్తున్నాడు. ఆ గుడి బాధ్యత చూసే విచారణ గురువు, సుందరరాజ్ సామి. కాగితం మీద తమిళంలోనూ తెలుగులోనూ ఆ రేడియో కార్యక్రమం వచ్చే వేళ అచ్చేసి ఉంది. ఇన్నాసమ్మ నమస్కారం కూడా మరిచిపోయింది.

"సామీ, రాకపోయినా సరే అన్నారు రేడియోలో. ఆ తర్వాత ఏమన్నారు?"

సామి బిత్తరపోయాడు. "ఎవరమ్మా నువ్వు? రేడియో విని వచ్చినావా?" అని, ఆమె తల ఊపగానే ముఖమంతా నవ్వైపోయింది. "అప్పాడా! వాన తడిపేస్తే మళ్లా, మేక తినేస్తే మళ్లా, అతికిస్తానే ఉండా. ఒక్కరన్నా వస్తారా అని చూస్తిని. వచ్చిన మొదటి మనిషివి నువ్వే. కూర్చో, మొదట్నించి చెప్పు."

అరుగు మీద కూర్చుని చెప్పింది. కొండ, తాళి, వరస, మోచెయ్యి, అన్నీ. సామి పసై చేతులు అలాగే గాల్లో పెట్టుకొని విన్నాడు.

"సవరిముత్తు చెప్పింది ఒక దారి" అన్నాడు చివరికి. "మొగుడు వచ్చి నిలబడే దారి. ఇంకో దారి ఉండేది ఆయనకు తెలియదు. నీ మొగుడూ నువ్వూ ఆలుమగలుగా కలిసి ఉండాలనే ఉండారు కదా?"

"ఉండాము సామీ."

"అది చాలు. జరిగిపోయిన పెళ్లిని, మళ్లా చెయ్యకుండానే, వేరు దగ్గరే బాగు చేసే అధికారం బిషప్పు గారికి ఉండాది. మీ ఆయన రాకపోయినా సరే, చేవ్రాలు పెట్టకపోయినా సరే. అడిగేది నువ్వు, రాసేది నేను, ఇచ్చేది బిషప్పు గారు. బిడ్డకు నీ నమ్మకం నీ చేతనైనంత చెప్తానని మాటిస్తే చాలు."

"మా ఆయన్ని అడగబళ్లేదా?"

"చెప్పుకుంటే మంచిది. అడగాల్సిన పని లేదు."

ఇన్నాసమ్మకు ముందు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది, కొంగు నోట్లో కుక్కుకుంది. ఆడబిడ్డ పెళ్లి వంట, రెండో మగ్గం కండెలు, అన్ని ఆడి కృత్తికల సాంబారు కళాయిలు, అవన్నీ ఏ తాళంచెవి కోసం చేసిందో ఆ తాళం ఎప్పుడూ వేసి లేదట! ఆ తర్వాత కోపం వచ్చింది, మొగుడి మీద, సవరిముత్తు మీద, మోచెయ్యి పట్టి లాగితే నోరు మూసుకొని వచ్చేసిన తన మీద. కానీ ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. దాని కింద నుంచి హాయి పొంగుకొస్తోంది. తల మీది బిందె ఎవరో దించినట్టు మెడ తేలికైపోయింది. ఒక్కసారి మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుంది కూడా.

మరుసటి అమావాస్యకు మళ్లీ అత్తను తోడుకొని పోయింది. బిషప్పు గారి అనుమతి వచ్చేసిందని సామి గుమ్మంలోనే చెప్పాడు. సామి ముందర తప్పులన్నీ ఒప్పుకొని పాపసంకీర్తనం చెప్పుకుంది. పూజ అప్పటికే అయిపోయినా, సామి పీఠం మీది పెట్టె తెరిచి ఆమె ఒక్కదానికి నన్మై ఇచ్చాడు. వరస లేదు, లాగేవాళ్లు లేరు. అప్పం నాలుకకు మెత్తగా అతుక్కుంది. పళ్లకు తగలనీయొద్దని చిన్నప్పుడు అమ్మ చెప్పిన మాట గుర్తొచ్చి ఆమె నోరు కదపకుండా చాలాసేపు మోకాళ్ల మీదే ఉండిపోయింది. కళ్ల నీళ్లు కారిపోతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. ఇన్నేళ్లలో తన కోసం తను చేసుకున్న పని అదొక్కటే అనిపించింది, అది ఎంత బాగుందో.

మండపంలో పచ్చయమ్మ మసక కళ్లతోనే కోడలి ముఖంలోకి చూసింది. "ఏమైందిమే, ఏడిస్తివా?"

"లేదత్తా. బాగుండాది."

"సరి, పద. రైలు పోతాది."

ఆడి కృత్తికకు ఇంకా వారం ఉందనగా ఒక సాయంత్రం చెంగల్వరాయుడు టీకొట్టు నుంచి మంచి ఉత్సాహంగా వచ్చాడు. ఇన్నాసమ్మ రాట్నం ముందు ఉంది.

"మే, ఈసారి ఆర్కాటోళ్లు కూడా వస్తారంట కావడికి. పెద్ద కళాయి తోమించి పెట్టు" అన్నాడు.

"వంటకు ఇంకో ఇద్దరిని చూడయ్యా. ఆదివారం పొద్దున నేను ఇంట్లో ఉండను. వళ్ళిని తోడుకొని తిరువళ్లూరు పోవాల."

అతను వినీ విననట్టు నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు తెలుసు. తాళంచెవి గలగలలాడబోతోంది.

"అరే, ఎందుకంత సీక్రం? ఈ ఒక్క ఆడి కృత్తిక బాగా జరిపించు. తర్వాత నేనే వచ్చి మీ గుడిలో నిలబడతా. సత్యంగా చెప్తా ఉండా, ఈసారి వస్తా."

ఇన్నాసమ్మ చేతిలోని కండె నిండింది. దాన్ని గంపలో వేసి, ఇంకొకటి తీసుకోకుండా లేచి, తనే కొత్త సెల్లులు కొని వేసిన రేడియో చెవి తిప్పి పెట్టింది. కీచుకీచుమంది, తర్వాత కుదిరింది.

"నువ్వు రాకపోయినా సరేలేయ్యా" అంది. "నేను ముందే పోయొచ్చినాను."