వంటింటి గోడ మీద మూడు గీతలు

వినీల రోజూ పొద్దున్న పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు వంటింటి గోడ చూసుకుంటుంది. ఆ గోడ మీద మూడు నల్ల గీతలున్నాయి. చీలమండ ఎత్తున ఒకటో నంబరు, మోకాలి ఎత్తున రెండు, ఛాతీ ఎత్తున మూడు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం రాసే ఉద్యోగం ఆమెది. ఆఫీసు బుద్ధి ఇంటికి కూడా మోసుకొచ్చి, వరద హెచ్చరిక నంబర్లలా ఆ గీతలు తనే గీసింది.

అక్క దుర్గాశ్రీకి భయం వేసినప్పుడల్లా ఇంట్లోకి గోదారి వస్తుంది. గచ్చు పగుళ్ళలోంచి ఎర్రనీళ్ళు ఊరి, అక్క నిలబడ్డ చోట ఎక్కువ ఎత్తుకి లేస్తాయి. రాజమండ్రి డాక్టరుగారు అక్క జబ్బుకి బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని పేరు రాసిచ్చి, "వదిలేస్తారేమోనన్న భయం అందరికీ ఉండేదేనమ్మా. మీ అక్కకి పదింతలు. అది నటన కాదు" అన్నారు. పక్కింటి అచ్చాయమ్మగారు పేరూ గీరూ అడగలేదు. పిట్టగోడ మీంచి తొంగిచూసి, "వచ్చిందా అమ్మాయ్? మా వైపుకొస్తే చెప్పు, ఎండేసిన అప్పడాలు తీసేసుకుంటాను" అంటారు, అంతే.

వినీల మాత్రం ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని బతుకుతోంది. నిన్న "నువ్వు నా తల్లివే" అన్న అక్క, ఇవాళ ఫోను ఎత్తడం ఆలస్యమైతే "నువ్వూ అందరిలాంటిదానివే, పో" అంటుంది. ఏ మాటకి నీళ్ళొస్తాయో తెలియక వినీల మాటలు మింగడం నేర్చుకుంది. మూడో గీత దాటితే బ్యాగు పట్టుకుని అచ్చాయమ్మగారింటికి పోవడమూ నేర్చుకుంది. వరదొస్తే ఇళ్ళు ఖాళీ చేయాలి కదా మరి! వెళ్ళిన ప్రతిసారీ నీళ్ళు ఇంకా పెరిగేవి. అయినా ఆ పద్ధతి తప్పేమోనని ఆమెకి తోచలేదు.

పాలకొల్లుకి బదిలీ ఆర్డరు వచ్చి పదిరోజులైంది. చెప్పే ధైర్యం లేక దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. అన్నం వండేది అక్కేనన్న సంగతి ఆ తెలివైన పిల్లకి గుర్తు రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం బజారు నుంచి వచ్చేసరికి గుమ్మంలో చెప్పులు తేలుతున్నాయి. వంటింట్లో నీళ్ళు మూడో గీతకి బెత్తెడు కింద ఉన్నాయి. మధ్యలో దుర్గాశ్రీ, చేతిలో ఆ కాగితం.

"దొంగలా వెళ్ళిపోదామనుకున్నావు."

"అదేం లేదక్కా..."

నీళ్ళు గీత దాటి దుర్గాశ్రీ భుజాలకి వచ్చాయి.

"పో. ఇప్పుడే పో. మళ్ళీ నా మొహం చూడవు."

వినీల కాళ్ళు అలవాటుగా గుమ్మం వైపు తిరిగాయి. ఇవాళ వెళ్తే అక్క మునిగిపోతుంది. ఉంటే తనూ మునగొచ్చు. సంచీ వదిలేసి వంటింటి గడప దిగింది. నీళ్ళు మంచులా చల్లగా ఉన్నాయి.

"దాచడం నా తప్పక్కా. భయమేసి దాచాను. నీకూ చాలా భయంగా ఉంది కదా?"

దుర్గాశ్రీ కాగితాన్ని నీళ్ళలోకి వదిలేసింది.

"పాలకొల్లు మాత్రం వెళ్తాను. ప్రతి శుక్రవారం సాయంత్రం వస్తాను. రోజూ ఏడింటికి ఫోన్ చేస్తాను. నువ్వు తిడితే పెట్టేస్తాను. మర్నాడు మళ్ళీ చేస్తాను."

"అబద్ధం."

"శుక్రవారం చూద్దువుగాని."

నీళ్ళు తగ్గలేదు. పెరగనూ లేదు. ఇద్దరూ చేతులు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డారు. చివరికి దుర్గాశ్రీ గోడ వైపు చూసి, "నిలకడగా ఉందే" అంది.

పై సోమవారం, పాలకొల్లులో అద్దెగది. ఏడు కావడానికి ఇంకా ఐదు నిమిషాలుండగానే ఫోను మోగింది.

"వినీలా, ఒకటో నంబరు. పెరగకముందే చెబుదామని."

అక్క అలా ముందుగా చెప్పడం అదే మొదటిసారి.

"మంచిపని చేశావక్కా. ఉన్నాను, చెప్పు."

దుర్గాశ్రీ తన భయమంతా చెప్పుకుంది. తర్వాత అడిగింది. "మరి నీకెంతుంది?"

ఇన్నేళ్ళలో ఆ మాట వినీలని ఎవరూ అడగలేదు. ఆమె వంగి చూసుకుంది. మంచం కోళ్ళ చుట్టూ ఎర్రనీళ్ళు తిరుగుతున్నాయి.

"చీలమండల దాకా అక్కా."

"నీకూ వస్తుందటే!" అంది దుర్గాశ్రీ ఆశ్చర్యంగా. "అయితే ఫోను పెట్టకు. తగ్గేదాకా నేనిక్కడే ఉంటాను."