రేపటి తేదీ వేసిన కార్డు

గోడకు గుచ్చిన ముప్పై కార్డుల్లో పదిహేడోది తను రాసింది కాదని ఆమె మధ్యాహ్నం మూడింటికి కనిపెట్టింది.

అంకె సరిగ్గానే ఉంది. కార్డు రంగూ అదే. గుండుసూది కూడా పాత చిల్లులోనే దిగింది. రాత మాత్రం ఎవరిదో. ఆనవాలు దొరక్కూడదన్నట్టు విడివిడిగా, నొక్కి నొక్కి రాసిన అక్షరాలు.

"బ్రేకు ఉన్నట్టుండి జారదు. వారం ముందు నుంచే కాలిన వాసన వస్తుంది. పైకెక్కి చూసే మనిషి ఒక్కడుంటే కిందివాడు బతికేవాడు."

అడుగున టిక్కు. దాని పక్కన తేదీ. ఆ తేదీ రేపటిది.

ఆమె గుండుసూది పీకి కార్డును చేతిలోకి తీసుకుంది.

రేపు ఒకటో తారీకు. నెల రోజుల నవల పోటీ రేపే మొదలు. ముప్పై రోజుల్లో చిత్తుప్రతి పూర్తి చేయాలి. ముందుగా ఒక్క వాక్యం రాయకూడదు, ప్రణాళిక ఎంతైనా వేసుకోవచ్చు. పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చునే ఆమె, ఆయన్ను బతిమాలి నెల సెలవు తెచ్చుకుంది. రోజుకో అధ్యాయం లెక్కన ఈ కార్డులు సిద్ధం చేసుకుంది.

కథ ఒక లిఫ్టు మెకానిక్ చావు గురించి. లిఫ్టు కింది గుంతలో పని చేస్తుండగా లిఫ్టు దిగి అతణ్ణి నలిపేస్తుంది. అది తనిఖీ అధికారి చేసిన హత్య అని పదిహేడో రోజున బయటపడాలి. ఆమె తండ్రి చావూ అలాంటిదే. అప్పుడామెకు తొమ్మిదేళ్లు. 'మెకానిక్ అజాగ్రత్త' అని కాగితం మీద రాసి మూసేశారు. ఆ రెండు మాటలూ కథలోనైనా కొట్టేయాలని ఆమె పట్టుదల.

హత్య ఆమె అల్లుకున్నది. అధికారీ అంతే. ఈ కార్డు రాసినవాడు మాత్రం ఆ కాలిన వాసన పీల్చినవాడై ఉండాలి.

"అక్కా!"

నర్సు డ్యూటీ దిగి వంటింట్లో ఉన్న అక్క తడిచేతులతో వచ్చింది. "ఏంటే ఆ కేక? బొద్దింకా?"

"నా గదిలోకి ఎవరో వచ్చారు."

"దొంగ వస్తే టీవీ పట్టుకుపోతాడు గానీ నీ కార్డులు చదువుతూ కూర్చుంటాడా? పోయినేడు నవలని తొమ్మిదో రోజున నువ్వే చంపుకున్నావు. ఈసారి పనిగట్టుకుని ఇంకొకడు రావాలా?"

"ముందు ఇది చదువు."

అక్క చదివింది. మళ్లీ చదివింది. మొహంలో నవ్వు పోయింది. "తేదీ రేపటిదేంటే?"

"నాకూ అదే అర్థం కావట్లేదు. రేపు రాయడం మొదలుపెడితే ఏం చేస్తాడంట?"

అక్క వెళ్లి వీధి తలుపుకు గడియ పెట్టింది. ఆసుపత్రిలో ఎంత నెత్తురు చూసినా చలించని అక్క అలా గడియ పెట్టడం చూసి ఆమె వెళ్లి అక్కను ఆనుకుని నిలబడింది.

"తాళం బాగానే ఉంది. తాళంచెవులు మూడే. నీది, నాది..."

"బాబాయిది."

"నోరు కడుక్కో! నాన్న పోయాక మనకి అన్నం పెట్టిన మనిషి."

నిజమే. నాన్న తమ్ముడు, నాన్నతో కలిసి లిఫ్టులు బాగుచేసినవాడు. వీళ్లిద్దరి కోసం పెళ్లి కూడా మానుకున్నాడు. ఇదే భవనంలో, కింద నేల అంతస్తులో ఉంటాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆగింది. మళ్లీ మొదలైంది. ఈ భవనంలో లిఫ్టు ఉండగా ఐదంతస్తులూ నడిచి ఎక్కేదెవరు? ఆమె అక్క చెయ్యి పట్టుకుంది. బయట తాళంచెవి తిరిగింది. గడియ ఉండటంతో తలుపు కదల్లేదు. ఒకసారి తోశారు. రెండోసారి గట్టిగా తోశారు.

"ఏమ్మా, పట్టపగలు గడియేంటి?"

అక్క ఊపిరి వదిలి తలుపు తీసింది. "మెట్లెక్కేది నువ్వే అని తెలిసి కూడా హడలిపోయాం బాబాయ్. మోకాళ్లు అరిగిపోతున్నా లిఫ్టెక్కవు కదా!"

"లిఫ్టులు బాగుచేసిన వాడెవడూ లిఫ్టెక్కడే" అన్నాడాయన ఆయాసపడుతూ. రోజూలాగే వంటింట్లోకి వెళ్లి అక్క ఇచ్చే రక్తపోటు మాత్ర కోసం చెయ్యి చాపాడు. మింగి, గోడ మీది క్యాలెండరులో కొత్త నెల పేజీ తిప్పి, జేబులోంచి పెన్ను తీశాడు. ఒకటో తారీకు నుంచి వరసగా టిక్కులు.

"మొదలెట్టావూ! మింగకముందే నెలంతా టిక్కులు పెట్టేస్తే రక్తపోటు జడుసుకుని దిగుతుందా?" అంది అక్క.

"అలవాటమ్మా. ఒక్కసారే పెట్టేస్తే పని అయిపోతుంది."

గుమ్మంలో నిలబడ్డ ఆమె ఆ టిక్కుల వంక చూసింది. చేతిలోని కార్డు వంక చూసింది. అదే కొక్కెం, అదే నొక్కుడు. గదిలో దూరినవాడెవడో తెలియనప్పుడు కూడా ఇంత భయం వేయలేదు. అడగకుండా ఊరుకోవచ్చు. కార్డు చింపేసి, రేపు తన అధికారి కథ తను రాసుకోవచ్చు. అప్పుడు నాన్న?

"బాబాయ్" అంది. ఆయన టిక్కులు పెట్టడం ఆపలేదు. మళ్లీ అంది. "బాబాయ్, ఇంకా రాని రోజుకి టిక్కు పెట్టేది ఈ ఇంట్లో నువ్వొక్కడివే."

ఆమె కార్డును క్యాలెండరు పక్కన ఆనించి పట్టుకుంది. అక్క ఒకసారి ఇటూ ఒకసారి అటూ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బాబాయి పెన్నుకు మూత పెట్టబోయాడు. అది పట్టడం లేదు. మూడోసారికి వదిలేసి కుర్చీలో కూలబడ్డాడు.

"పొద్దున కుళాయి బాగుచేయడానికి వచ్చి నీ గోడ చూశా. తేదీ కావాలని వేసింది కాదమ్మా, చెయ్యి దానంతటదే వేసేసింది. మీ నాన్న చనిపోయిన నెల కూడా అంతే. బ్రేకు చూసినట్టు సర్వీసు కార్డు మీద నాలుగు వారాల సంతకాలూ ఒకటో తారీకునే పెట్టేశా. బ్రేకు ఉండే మోటారు గది ఎనిమిదంతస్తుల పైన ఉండేది. ఎక్కబుద్ధి కాలేదు. మూడో వారం కింద టీ తాగుతున్నా. మీ నాన్న వచ్చి 'బ్రేకు చూశావారా?' అన్నాడు. 'సంతకం కనబడట్లేదా అన్నయ్యా?' అన్నా. నవ్వి గుంతలోకి దిగాడు. మూడో అంతస్తులో ఎవరో లిఫ్టులోకి రెండు బీరువాలు ఎక్కించారు. బ్రేకు పట్టలేదు. తర్వాత పైకెక్కితే గదంతా కాలిన వాసన. నా కార్డు చింపేశా. కొత్త కార్డు మీద మీ నాన్న సంతకం నేనే గీశా. విచారణకొచ్చినవాళ్లు అజాగ్రత్త అని రాస్తుంటే పక్కనే నిలబడి తలూపా. నువ్వెవణ్ణో అధికారిని పెట్టావు. రేపు రాసేటప్పుడు వాణ్ణి తీసెయ్. అక్కడ నన్ను పెట్టు."