ఎడమ చెంప

“కొంగు ఈ పక్కకు లాక్కో” అన్నాడు రామదాసు, మగ్గం మీద నాడె విసురుతూనే, నా వైపు తిరగకుండా.

చెమటకు కొంగు జారిందేమో అనుకొని భుజం మీద సర్దుకున్నాను. “ఆడ కాదు, మొగం మింద” అన్నాడు. అప్పుడు అర్థమైంది. పెళ్ళయి పదేళ్ళు, మధ్యాహ్నం ఎండ రేకుల మీద మండిపోతోంది, ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. అయినా నేను ఆయన ముందు ముసుగు వేసుకోవాలి. వేసుకున్నాను. చేతిలో అంచు నాడె ఉంది కదా, పని ఆగకూడదు. అందుకని పళ్ళతో కొంగు కరిచిపట్టుకొని ఆ పూటంతా అలాగే నేశాను. సాయంత్రానికి దవడలు నొప్పి పుట్టాయి.

మా ధర్మవరంలో వెడల్పు అంచు చీర ఒక్క మనిషితో అయ్యేది కాదు. ఒళ్ళు ఒక రంగు, అంచు ఇంకో రంగు. మగవాడు గుంటలో కాళ్ళు పెట్టి కూర్చొని, కింద పలకలు తొక్కుతూ చీర ఒంటికి నాడె వేస్తాడు. పలక తొక్కితేనే నిలువునా ఉండే పడుగు పోగులు రెండుగా విడిపోయి నాడెకు దారి ఇస్తాయి. ఆయనకు కుడిపక్కన ఇంకొకరు కూర్చొని అంచు నాడె వేయాలి. ఆ ఇంకొకరికి పేరు లేదు. చీర బాగా వస్తే ‘రామదాసు నేసినాడు’ అంటారు, అంచు వంకర పోతే మాత్రం ‘ఇంద్రాణి సూసుకోలా’ అంటారు. పొద్దున పొయ్యి దగ్గర్నించి లేచి మగ్గం దగ్గర కూర్చుంటాను, మధ్యలో లేచి కండెలు చుడతాను, నీళ్ళ ట్యాంకరు హారన్ వినబడితే బిందెలు తీసుకొని పరుగెత్తుతాను, మళ్ళీ వచ్చి కూర్చుంటాను. పదేళ్ళుగా ఆయన కుడిచేతి పక్కనే. అంటే ఈ లోకంలో రామదాసు అన్నిటికంటే ఎక్కువ చూసింది నా ఎడమ చెంపనే.

మొదటి ఏడు ఒకరోజు నాడె ఆపి మరీ చూశాడు. ఏమిటని అడిగితే, “ఏం లేదు లే. ఈ ఎలుతురులో నీ చెంప ఉండగా చీరకు జరీ ఏమిటికా అనుకుంటాండా” అన్నాడు. నవ్వి మళ్ళీ పలక తొక్కాడు. అంతే. మళ్ళీ అలాంటి మాట అనలేదు. నేను మాత్రం ఆ ఒక్క మాటను పదేళ్ళు దాచుకున్నాను. అంట్లు తోముతూ తీసి చూసుకునేదాన్ని, ట్యాంకరు దగ్గర లైనులో నిలబడి తీసి చూసుకునేదాన్ని. సిగ్గులేని మనసు! ఇంకో మాట కోసం చెవి అటే పడేసి కూర్చుంది. చివరికి వచ్చింది కొంగు లాక్కోమన్న మాట.

చిన్నోడు పుట్టాక ఏడాదికి మంగు మొదలైంది. ముందు ఎడమ చెంప మీద చింతగింజంత నల్లమచ్చ. తర్వాత రెండు చెంపలకూ, ముక్కు మీదికీ, పై పెదవి మీదికీ పాకింది. వరసగా వానలు లేని మూడో ఏడు అది, రెండువేల మూడు. మొహం అద్దంలో చూసుకుంటే మా జిల్లా చేలు గుర్తొచ్చేవి. మా అత్త భద్రమ్మ మంచిదే, నోరే మంచిది కాదు. “మొగాన మంగు దిగినాదంటే ఇంటికి శని దిగినట్లే. సూస్తాండు” అని వాకిట్లో కూర్చొని పక్కింటికి కూడా వినబడేలా చెప్పేది. చింతపండు రేటు పెరిగినా, మేక చూడు తప్పినా, ఆమె కళ్ళు ముందు నా మొహం మీదికే వచ్చేవి.

అదీ ఓర్చుకున్నాను. కానీ కొత్త పడుగు వచ్చింది. పెళ్ళి చీర, ముహూర్తం చీర. మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్త పడుగు మగ్గానికి ఎక్కించిన శుక్రవారం, మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, తొలి పోగు ఇంటి ఇల్లాలు వేయాలి. ఆ ఒక్క పోగుకు ఇల్లాలు మగ్గానికి యజమాని. అందరూ నిలబడి చూస్తారు. ఆయన కూడా కాలు పలక మీద పెట్టి, నా చెయ్యి ఎప్పుడు కదులుతుందా అని చూస్తాడు. అత్త తర్వాత పదేళ్ళుగా ఆ పోగు నాది. ఏడాదికి ఎన్ని పడుగులు ఎక్కితే అన్నిసార్లు నేను మనిషినయ్యేదాన్ని.

“ఈతూరి పక్కింటి జ్యోతిలక్ష్మి ఏస్తాది లే” అంది అత్త, బియ్యం ఏరుతూ. “పెండ్లి చీర మ్మే. మంగు మొగంతో తొలి పోగేస్తే రేపు ఆ కట్టుకునే పిల్లకేమన్నా అయితే మనకెందుకు మాట?”

రామదాసు వైపు చూశాను. గోడకు ఆనుకొని పేపరు చదువుతున్నాడు. “అమ్మ చెప్పినాది గదా” అన్నాడు. పేపరు తిప్పాడు.

శుక్రవారానికి ఎనిమిది రోజులుంది. ఎనిమిది రోజుల్లో మొహం తెల్లబరచాలి. నిమ్మకాయ రుద్దాను, మండింది. పచ్చి పసుపు, మీగడ, శనగపిండి, ఎవరు ఏది చెబితే అది. మందుల షాపులో ఒక ట్యూబు ఇచ్చారు, వాడితే నాలుగు రోజుల్లో తెల్లగా అవుతారన్నారు. దానికి డబ్బు అడగాలంటే ఎందుకో చెప్పాలి కాబట్టి కొనలేదు. అదృష్టమే అది, తర్వాత తెలిసింది. అప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చాడు.

మా నాయన వీరప్ప పట్టుకు రంగులు అద్దేవాడు. పచ్చి పట్టు రంగు ఎవరికీ తెలియదు, అందరూ చీరనే చూస్తారు. అది మాసిన పసుపు రంగులో, జిగురుతో గరుకుగా ఉంటుంది. సబ్బూ సోడా వేసిన నీళ్ళలో ఉడకేస్తే జిగురు వదిలి మల్లెపువ్వులా బయటికొస్తుంది. చిన్నప్పుడు నాయన రంగుల కొట్టంలో నిలబడి అది చూడటమే నాకు ఆట. మాసిన పట్టు పోగుల చిలపలు కాగులో మునిగేవి, కర్రకు వేలాడుతూ తెల్లగా లేచేవి. ఇంకెవరికీ తట్టనిది రంగులాయన కూతురికి తట్టింది. పట్టుకు పోయే మురికి చర్మానికి పోదా? నాయన పోయాక ఆ కొట్టం మా అన్న చెన్నప్ప చూస్తున్నాడు. పిల్లల బట్టలు ఉతకాలని చెప్పి చిన్న డబ్బాలో ఆ సోడా తెచ్చుకున్నాను. సబ్బు నీళ్ళలో కలిపి, గుడ్డ ముంచి, చెంపల మీద వేసుకొని కూర్చున్నాను. మండింది. మండితే పనిచేస్తున్నట్టే అనుకున్నాను. మూడు రోజులు చేశాను. నాలుగో రోజు పొద్దున ఎడమ చెంప చర్మం ఉల్లిపొరలా లేచి చేతికి వచ్చింది. కింద ఎర్రగా, చెమ్మగా. ఉప్పు కన్నీళ్ళు పడినా మంటే.

అన్నానికి వచ్చిన రామదాసు చూసి, “ఏం చేసుకున్నావే మొగానికి! ఇప్పుడు మగ్గం పక్కనెవరు కూర్చుంటారు?” అన్నాడు. నొప్పిగా ఉందా అని అడుగుతాడేమో అని ఒక క్షణం ఆగాను. అడగలేదు.

పెద్దాసుపత్రికి ఒక్కదాన్నే వెళ్ళాను. డాక్టరమ్మ నా చెంప చూసి ముందు తిట్టింది, తర్వాత మెల్లగా పట్టుకొని చూసింది. ఎన్నాళ్ళయిందో ఒకరు నా మొహం పట్టుకొని చూసి. ఆ తిట్లు కూడా తియ్యగానే ఉన్నాయి. “సోడా వద్దు, నిమ్మకాయ వద్దు, ఎవరో ఇచ్చిన ట్యూబులు అసలే వద్దు. తెల్లగా చేసి తర్వాత చర్మాన్ని పాడు చేస్తాయి. రుద్దడం మానెయ్. వట్టి నీళ్ళతో కడుక్కొని మెత్తని గుడ్డతో అద్దుకో. ఈ పుండు మానేదాకా ఈ ఆయింట్‌మెంటు. మానినాక ఎండకు రాసుకునే మందు రాస్తాను, అది రోజూ రాసుకోవాలి. ఎండలోకి పోతే గొడుగు. ఆరు నెలలు పడుతుంది, పూర్తిగా పోకపోయినా పలచబడుతుంది. తొందరపడకు” అంది. నాయన కూడా అదే అనేవాడు, కాగు దగ్గర నిలబడి. “ఉడుకు ఎక్కువైతే తెల్లగైతే అయితాది మ్మా, పోగు చస్తాది.” ఇంత తెలిసీ నా మొహం దగ్గర మర్చిపోయాను.

“మాత్రలేమైనా వాడుతున్నావా?” అని అడిగింది డాక్టరమ్మ. పిల్లలు కాకుండా ఉండే మాత్రలన్నాను. ఎన్నాళ్ళనుంచి? నాలుగేళ్ళు. ఆమె కలం కింద పెట్టింది. “అదేనమ్మా ఎక్కువ భాగం. కొందరికి ఆ మాత్రలతో మంగు వస్తుంది, దానికి ఎండ తోడైతే ముదురుతుంది. అవి ఆపితే గాని ఇది తగ్గదు. కాపర్ టీ వేయించుకో, లేదా మీ ఆయన్ని ఆపరేషన్‌కు పంపించు. పది నిమిషాల పని. వారానికి మగ్గం ఎక్కొచ్చు.”

చీటీ పట్టుకొని బయట వేపచెట్టు కింద కూర్చుండిపోయాను. చిన్నోడు పుట్టినప్పుడు నర్సమ్మ ఇంటికి వచ్చి ఆపరేషన్ మాట ఎత్తింది. నాకు చేయించాలంటే, “నెల దినాలు ఈమె పండుకుంటే మగ్గం పక్కన ఎవరు కూర్చుంటారు?” అన్నాడు రామదాసు. పోనీ ఆయనకు అంటే మా అత్త లేచి నిలబడింది. “మగ్గం తొక్కే మొగోనికి ఆపరేషనా! కాళ్ళల్లో బలం పోతాది. రేపు పలక తొక్కలేకపోతే మేమంతా మన్ను తినాల్నా?” మా వీధిలో అందరూ నమ్మే మాటే అది. నేనూ నమ్మాను. ఆ కాళ్ళ మీదే ఇల్లు నడుస్తుందని ఆ నెల నుంచే మాత్ర మింగడం మొదలుపెట్టాను. నాలుగేళ్ళలో ఒక్కరోజు మరవలేదు. నాకు జ్వరమొచ్చినా మరవలేదు. ఆ మాత్ర వేసుకున్నావా అని ఆయన గుర్తుచేసిన రోజులున్నాయి. అది కూడా ప్రేమే అనుకున్న రోజులున్నాయి! కోపం రావాలి కదా, ముందు ఏడుపొచ్చింది. నేను పోగొట్టుకున్న చెంప కోసం కాదు. ఆ చెంపను ఇంకోసారి చూస్తాడని ఇన్నేళ్ళు పక్కనే కూర్చొని ఎదురుచూసిన పిచ్చిదాని కోసం.

శుక్రవారం వచ్చింది. అత్త మగ్గానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, పళ్ళెంలో కుంకుమ, టెంకాయ, నాడె సర్దింది. రామదాసు గుంటలో కూర్చొని ఉన్నాడు. జ్యోతిలక్ష్మి తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకొని వచ్చింది. పాపం, వాకిలి దగ్గరే నిలబడి నా కోసం వెతుకుతోంది, కళ్ళలో తప్పు చేసినట్టు. అత్త నాడె తీసి ఆమె చేతిలో పెట్టింది.

నేను వంటింట్లోంచి వచ్చాను. కొంగు నడుముకు దోపుకున్నాను. చెంప మీద చెక్కులు కట్టి, అక్కడక్కడా ఎర్రగా, చుట్టూ మంగుతో, ఇంతకంటే పాడు మొహం నాకు ఎప్పుడూ లేదు.

“జ్యోతీ, ఆ నాడె ఇట్లియ్యి.”

“ఏమ్మే, నీకు సిగ్గుండాదా?” అత్త అడ్డం వచ్చింది. “శుభమా అని పడుగెక్కిచ్చినాము. ఆ శని మొగమేసుకోని ఈడికెందుకొచ్చినావు?”

“శని గాదత్తా ఇది” అన్నాను. “నీ కొడుకు కాళ్ళ బలం.”

ఎవరికీ అర్థం కాలేదు. రవికలోంచి మాత్రల అట్ట తీసి కుంకుమ పక్కన పళ్ళెంలో పెట్టాను. “నాలుగేండ్లు ఆ కాళ్ళు సల్లగుండాలని ఇవి మింగినా. ఆ మాత్రలతోనే వచ్చినాదంట ఈ మంగు. డాక్టరమ్మ చెప్పినాది. నిన్నటి నుంచి మింగడంల్యా. ఇంగ మింగను. ఆపరేషన్‌కు పోతాడో, దూరంగా పండుకుంటాడో, కాళ్ళున్నోడే ఆలోచన చేసుకోవల్ల. ట్యాంకరు నీళ్ళకు ఎండలో నేను పోయే పనైతే గొడుగేసుకోనే పోతా. ఎవరన్నా నవ్వితే నవ్వనీ.”

అత్త కొడుకు వైపు చూసింది. కొడుకు గుంటలోకి, తన కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు. జ్యోతిలక్ష్మి ఆ అట్ట వైపు చాలాసేపు చూసింది. చెయ్యి తన పై పెదవి మీదికి పోయింది. అక్కడ పొద్దున రాసుకున్న పౌడరు కింద ఏముందో నాకు తెలుసు. ముందుకొచ్చి నాడె నా చేతిలో పెట్టింది.

నా చోట్లో కూర్చున్నాను, ఆయన కుడిపక్కన. పడుగు పోగులు బిగిసి ఉన్నాయి. కింద పలక కదలనిదే నాడెకు దారి లేదు. నాడె పట్టుకొని ఎదురుచూశాను. ఎదురుచూడటం నాకు కొత్త కాదు. రామదాసు మెల్లగా తల తిప్పాడు. నా ఎడమ చెంప వైపు చూశాడు, చెక్కులూ మంగూ ఎరుపూ అన్నీ. పదేళ్ళ కింద చూసిన చూపు కాదది. ఆ పాత చూపు కోసమే ఇప్పటికీ కొట్టుకుంటున్న నా గుండెను గమ్మునుండమన్నాను.

“సూసినావు గదా” అన్నాను. “ఇంగ తొక్కు.”