ఆఫీసుకొచ్చిన కవరు

ఇంకా ఎనభై చపాతీలు కాల్చాల్సి ఉండగా క్యాంటీన్ కాంట్రాక్టరు వచ్చి అంజమ్మ చేతిలోంచి అప్పడాల కర్ర లాక్కున్నాడు. ఆమె కలిపిన పిండిముద్దంతా చెత్తడబ్బాలో వేయించి, "అడ్మిన్ సారు పిలుస్తుండు, పో" అన్నాడు. ప్లేట్లు పట్టుకుని వరుసలో నిలబడ్డ ఇంజనీర్లు రెండడుగులు వెనక్కి జరిగారు.

మాదాపూర్ గుట్టల్లో తొంభైల చివర్లో కొత్తగా లేచిన అద్దాల మేడ అది. నెల కిందట చైర్మన్ పుట్టినరోజని అక్కడ రక్తదాన శిబిరం పెట్టారు. అంతా స్వచ్ఛందమే. కాకపోతే ఇవ్వని పనివాళ్ల పేర్లు కాంట్రాక్టరు విడిగా రాసుకున్నాడు.

అడ్మిన్ ఆఫీసరు చలపతిరావు బల్ల మీద చించిన కవరు ఉంది. దాని మీద పేరు అంజమ్మది.

"నీ రక్తంలో హెపటైటిస్ బి ఉందట. అదో రకం కామెర్లు. వంటలో ఎలా పెట్టుకుంటాం చెప్పు? గేట్ పాసు ఇచ్చేసి వెళ్లు."

"నాకు కామెర్లు ఎన్నడూ రాలే సారూ."

"లోపల ఉంటుందటమ్మా. వాదించకు."

"పాసు రేపిస్త" అని, ఉత్తరం తీసుకుని ఆమె బస్సెక్కింది. మొగుడు పోయాక నెలకు పన్నెండు వందల ఈ జీతంతోనే కూతురిని సాకుతోంది. జబ్బు మనిషన్న పేరుతో పని పోతే, ఇంకే వంటింట్లోనూ అడుగు పెట్టనివ్వరు.

ఉత్తరం పంపిన రక్తనిధికి, అంటే బ్లడ్ బ్యాంకుకు వెళ్తే, అక్కడ పరీక్షలు చేసే గ్రేస్ దాన్ని చదివింది.

"ఇది వంటతోటి అంటదమ్మా. పక్కన కూసొని తిన్నా అంటుతది అనేది అబద్ధం. రక్తంతోటి, సూదులతోటి, కాన్పుల తల్లి నుంచి బిడ్డకు అంటుతది. నువ్వు మళ్ల పరీక్ష చేయించుకో. నీ బిడ్డకు గూడ చేయించి టీకా ఇప్పియ్యి."

"మరి ఆఫీసోళ్లకెందుకు పంపిండ్రు?"

"నీ పేరు మీదనే పంపినం. కవరు ఇప్పింది వాళ్లు."

గ్రేస్ శిబిరంలో నింపిన ఫారం తీసి చూపించింది. అంజమ్మ ఉండే హఫీజ్‌పేట్ రేకుల షెడ్డుకు ఇంటి నంబరు లేదని, ఆ రోజు కాంట్రాక్టరు కంపెనీ అడ్రసే రాయించాడు.

"నా ఒక్కదానికేనా ఈ జబ్బు?"

"నూట ముప్పై మందిల అయిదుగురికి. పేర్లు అడగకు, చెప్ప. తక్కిన నలుగురి కవర్లు వాళ్ల ఇండ్లకే పోయినయి."

అంజమ్మకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

మర్నాడు చలపతిరావు చెయ్యి చాచాడు. ఆమె పాసు గుప్పిట్లోనే పెట్టుకుని, గ్రేస్ రాసిచ్చిన కాగితం బల్ల మీద పెట్టింది.

"వంటతోటి అంటదని ఇందుల రాసిచ్చిండ్రు."

"కాగితాలు నాకొద్దు. నీ చేతి కూడు ఎవరూ తినరు."

"ఇంకో నలుగురు ఉన్నరట సారూ. ఇంటి నంబర్లున్నోళ్లు. వాళ్లను ఎళ్లగొట్టినంక నన్ను ఎళ్లగొట్టుండ్రి. అప్పటిదాంక పాసు ఇయ్య."

"నలుగురా? ఎవరు?"

"నాకేం ఎరుక? రక్తం మీరు గూడ ఇస్తిరి గద. మీ కవరు ఇప్పి చూసుకున్నరా?"

"సెక్యూరిటీని పిలుస్తాను" అంటూ చలపతిరావు ఫోనెత్తాడు. సెక్యూరిటీ నంబరుకు రెండంకెలు చాలు. ఆయన తన ఇంటి నంబరు ఏడంకెలూ నొక్కాడు.

"వీరలక్ష్మీ, నా పేరున రక్తనిధి నుంచి కవరేదైనా వచ్చిందా?" ఆయన గొంతు తగ్గిపోయింది. "విప్పకు. ఎవరికీ చూపించకు. నేనొచ్చేదాకా బీరువాలో పెట్టు."

అంజమ్మ పాసు మెడలో వేసుకుని క్యాంటీన్ వైపు నడిచింది.