మూడో వంతు, ఒక నోటు పుస్తకం

ఫీజు ఎంతో లాయరు చెప్పేదాకా టైలరు కుర్చీలో వెనక్కి వాలలేదు. బస్సు కనపడగానే లేచి పరుగెత్తాల్సినవాడిలా అంచు మీదే కూర్చున్నాడు. పక్కన ఆయన భార్య, కట్టు కట్టిన కుడి చేతిని ఒళ్లో పెట్టుకుని, గోడ మీది సర్టిఫికెట్లు ఒక్కొక్కటే చదువుతోంది. వాళ్లిద్దరినీ అక్కడికి లాక్కొచ్చిన బావమరిది మాత్రం అది తన సొంత ఆఫీసైనట్టు కాళ్లు చాపుకున్నాడు.

“గెలిస్తే వచ్చినదాంట్లో మూడో వంతు నాది,” అన్నాడు లాయరు. “ఓడితే నాకు ఫీజు ఇవ్వక్కర్లేదు. డాక్టర్ల రిపోర్టులకీ కాగితాలకీ అయ్యే ఖర్చు ఇప్పటికి నేను పెడతాను. గెలిస్తే ముందు అది తీసేసుకుంటాను. ఓడితే మాత్రం ఆ ఖర్చు మీరు కట్టాలి. మూడో పేజీలో ఉంది, చదివే సంతకం పెట్టండి.”

“చూశావా బావా! జేబులో చెయ్యి పెట్టే పనే లేదని చెప్పానా లేదా?” అన్నాడు బావమరిది, ఆ మూడో పేజీ సంగతి తనకు వినపడనట్టే.

టైలరుకి నమ్మకం కుదరలేదు. ఇరవై ఆరేళ్లుగా బట్టలు కుడుతున్న మనిషి. ముందు డబ్బు అడగనివాణ్ణి చూస్తే, కొలతలు తీసుకోకుండా గుడ్డ కత్తిరించేవాణ్ణి చూసినట్టే ఉంటుంది ఆయనకి. “అంతేనాండీ? ఇంకేం లేదా?” అని మళ్లీ అడిగాడు.

“ఇంకొక్కటుంది.” లాయరు సొరుగులోంచి నోటు పుస్తకం ఒకటి తీసి, మొదటి పేజీ నెత్తిన తన చేత్తోనే రాశాడు: ఈ రోజు చేయలేకపోయినవి. “ఇది రోజూ రాయాలమ్మా. గిన్నె ఎత్తలేకపోతే రాయండి. జడ వేసుకోలేకపోతే రాయండి. నొప్పి పుడితే ఎంతసేపో రాయండి. మీ చెయ్యి మీకు తెలుసు, అవతలివాళ్లకి కాగితమే తెలుసు.”

ఆవిడ ఆ పుస్తకాన్ని ఎడం చేత్తో, ఎవరిదో మాసిన చొక్కా పట్టుకున్నట్టు పట్టుకుంది.

చెయ్యి పోయింది షట్టరు కింద. వాళ్ల కొట్టు ఉన్న దుకాణాల సముదాయానికి ముందు పెద్ద ఇనప షట్టరు ఉంది. దాని స్ప్రింగు మార్చామని, ఇక ఢోకా లేదని నిర్వహణ కంపెనీ కాగితం అంటించి వెళ్లిన ఆరో రోజున, అది ఆవిడ మణికట్టు మీద పడింది. ఎముక అతుక్కుంది. నరం నలిగిపోయింది. బొటనవేలికీ చూపుడువేలికీ స్పర్శ లేదు. దానంతటదే రావచ్చు, రాకపోవచ్చు, రాకపోతే ఏడాదిలోపు ఆపరేషన్ చేయాలి అన్నాడు డాక్టరు. ఆపరేషన్ ఖర్చు విన్నాకే బావమరిది లాయరు మాట ఎత్తాడు.

ఇంకెవరి చెయ్యి అయినా ఇంత బాధ ఉండేది కాదేమో. ఆ కొట్టులో కత్తెరా మిషనూ ఆయనవి, సూది ఆవిడది. కోటుకి చేత్తో కాజా కుట్టించుకోవాలంటే ఊరి ఆ చివర నుంచి కూడా వచ్చేవాళ్లు. ఆయనకి చేతిపని రాదు. సూది పట్టుకుంటే ఐదు వేళ్లూ ఐదు దిక్కులు చూసేవి. “మీరు మిషను తొక్కండి, అదే పదివేలు,” అని ఆవిడ సూది లాక్కునేది.

కట్టు విప్పిన వారానికి ఆవిడ ఒక కోటు ముందేసుకుని కూర్చుంది. సూది చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఇరికించుకుని, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒకే ఒక్క కాజా కుట్టింది. కళ్లద్దాలు తీసేసి, “ఎలా ఉందండీ?” అంది. ఎలుక కొరికినట్టుంది. “పర్లేదు,” అన్నాడాయన. ఆవిడ చేతి వ్యాయామానికి ఆస్పత్రికి వెళ్లింది. సాయంత్రానికి కోటు ఇచ్చెయ్యాలి. ఆయన ఆ కాజా విప్పి, ఇన్నేళ్లుగా పక్కన కూర్చుని చూసింది గుర్తు తెచ్చుకుంటూ, వేళ్లు పొడుచుకుంటూ, తనే కుట్టాడు. ఇస్త్రీ చేసి తగిలించాడు.

ఆవిడ తిరిగొచ్చి కళ్లద్దాలు పెట్టుకుంది. “అరె! మరీ నేననుకున్నంత ఘోరంగా లేదే!”

“ఇస్త్రీ చేశాను. సర్దుకుంది.”

ఇస్త్రీతో కాజాలు సర్దుకుంటే ప్రపంచంలో టైలర్లెందుకు? కానీ షట్టరు పడ్డాక ఆవిడ మొహం వెలగడం అదే మొదటిసారి. ఆ వెలుగు చూశాక కూడా నిజం చెప్పాలంటే రాతి గుండె ఉండాలి. ఈయనది దూది గుండె.

అప్పటి నుంచి మంగళవారం, శుక్రవారం, ఆవిడ ఆస్పత్రికి వెళ్లడం, ఆయన తలుపు దగ్గరకేసి విప్పి కుట్టడం. నాలుగు నెలలు. ఆయన చెయ్యి రోజురోజుకీ తిరుగుతోంది, ఆవిడ ధైర్యం రోజురోజుకీ పెరుగుతోంది. నోటు పుస్తకంలో లాయరు రాసిన మాట మీద మొదటిరోజే అడ్డంగా గీత కొట్టి, కింద “చేసినవి” అని రాసుకుంది. చేయలేనివి ఏకరువు పెట్టడానికి తన చెయ్యి రాదట. పెన్ను పిడికిట్లో పట్టుకుని వంకర అక్షరాలతో రాసేది. కాజా ఒకటి. మూల బొద్దుగా వచ్చింది. మొన్నటికంటే నయం. మరో వారం: ఇవాళ రెండు. దారం బిగువు కుదిరింది. టైలరు అది చాటుగా చదివేవాడు. బిగువు కుదిరిందన్నచోట ఒళ్లు పొంగేది. ఆ వెంటనే సిగ్గుతో చచ్చిపోయేవాడు.

ఆయన లోపల ఒక భయం మొదలైంది. “ఆపరేషన్ ఎందుకండీ? దానంతటదే వస్తోంది కదా,” అని ఆవిడ అనడం మొదలుపెట్టింది. డాక్టరు చెప్పిన ఏడాదిలో ఎనిమిది నెలలు అయిపోయాయి.

అప్పుడు వచ్చింది లాయరు ఫోను.

“మీ ఆవిడ పుస్తకం అవతలివాళ్లు అడిగితే కాపీలు తీసి పంపాం. చదవకుండా పంపాం, తప్పు మా ఆఫీసుదే,” అన్నాడు. చదివే తీరిక ఉంటే అది లాయరు ఆఫీసు ఎందుకవుతుంది! “చెయ్యి బాగైపోయిందని ఆవిడే రాసుకుందంటున్నారు. పైసా కూడా ఇవ్వరట. గురువారం ఆవిణ్ణి వాళ్ల ఆఫీసులో ప్రశ్నలడుగుతారు. ఆ రాసింది నిజమేనంటే కేసు పోయినట్టే. నిజం కాదంటే ఆవిడ అబద్ధాలకోరు. ఏమంటారు?”

టైలరు ఫోను పెట్టేశాడు. కత్తెర తీసుకుని, ఎవరిదో కొత్త కోటు గుడ్డకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించాడు.

ఆ రెండు రోజులూ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. గుమ్మం దాకా వెళ్లేవాడు, తిరిగొచ్చేవాడు. దారపుకండెలు రంగుల వరసలో సర్దేవాడు, మళ్లీ కలిపేసేవాడు. చెప్పకపోతే ఆపరేషన్ లేదు. చెప్తే ఆ వెలుగు ఉండదు. ఆవిడ మటుకు గురువారానికి మంచి చీర తీసి పెట్టుకుంది.

“ఇదిగో, నీతో ఒక మాట చెప్పాలి.”

“చెప్పండి.”

ఆవిడ తలెత్తి చూసింది. ఆయన గుమ్మంలోంచి ఆకాశం వైపు చూశాడు. “గురువారం వాన పడేలా ఉంది. గొడుగు పట్టుకెళ్దామా?”

“దానికింత నసుగుడా!” అని నవ్వింది.

గురువారం వాన పడలేదు. కంపెనీ లాయరు ఆఫీసులో పొడుగు బల్ల. ఒక చివర ప్రతి మాటా టైపు చేసే అమ్మాయి. కంపెనీ లాయరు సన్నగా, మర్యాదగా ఉన్నాడు. నోటు పుస్తకం కాపీ తెరిచి, ఒక్కో పేజీ చదివి, “ఇది మీరు రాసిందేనామ్మా? ఈ పని మీరు చేసిందేనా?” అని అడుగుతున్నాడు.

“నేనేనండి. నా పని నేనే చేస్తాను,” అంటోంది ఆవిడ, మెడ నిటారుగా పెట్టి. పక్కన టైలరు వాళ్ల లాయరు తల పట్టుకున్నాడు. వెనక బావమరిది కాళ్లు ముడుచుకున్నాడు.

“కిందటి నెల పన్నెండున, ‘ఇవాళ మూడు. పాతరోజుల్లో కుట్టినట్టే వచ్చాయి.’ ఇదీ మీ పనేనా?”

“అవునం—”

“కాదండీ!” టైలరు లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. “అవి నేను కుట్టాను. అన్నీ. మొదటి రోజు నుంచీ. తను కుట్టినవి విప్పేసి నేను కుట్టాను. తను వ్యాయామానికి వెళ్లినప్పుడు. తనకి తెలియదు.”

టైపు చప్పుడు ఆయన మాటల్ని ఒక్క క్షణం వెనకగా అందుకుని ఆగిపోయింది. ఆవిడ ఆయన వైపు తిరగలేదు.

“మంచి సమయానికే గుర్తొచ్చింది మీకు,” అన్నాడు కంపెనీ లాయరు చిరునవ్వుతో. “మీకు చేతిపని రాదని ఈవిడే గంట కింద చెప్పారు.”

టైలరు అలవాటుగా చొక్కా కాలరు వెనక గుచ్చుకునే సూది తీశాడు, దారం దానికే ఉంది. వేసుకొచ్చిన కోటు విప్పి బల్ల మీద పరిచాడు. కత్తెర అడిగితే టైపు అమ్మాయి సొరుగులోంచి ఇచ్చింది. కోటు అంచున చిన్న గాటు పెట్టి కుట్టడం మొదలుపెట్టాడు. మొదటి కుట్లు వంకరగా పడ్డాయి. ఒక వైపు పూర్తయ్యేసరికి వరస కుదిరింది. ఎవరూ ఆపలేదు. కంపెనీ లాయరు గడియారం చూసి, మళ్లీ కాజానే చూశాడు.

కొసకొచ్చాడు. సూది మలుపు తిప్పబోయాడు.

“మూల దగ్గర తొందరపడకండి,” అంది భార్య.

అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ కళ్ల నిండా నీళ్లు, చూపు మాత్రం సూది మీదే. “ఎప్పుడూ అక్కడే బొద్దుగా వస్తోంది. నా వేళ్ల తప్పనుకున్నాను,” అంది.

ఆయన కుట్టడం ముగించి, దారం కొరికి, సూదిని బల్ల మీద పెట్టాడు. ఆవిడ కుడిచెయ్యి చాచింది. బొటనవేలూ చూపుడువేలూ సూది మీద ఆనించి పైకి తీయబోయింది. సూది అక్కడే ఉంది, వేళ్లు ఉత్తగా పైకి లేచాయి. ఇంకోసారి. సూది దొర్లింది. మూడోసారి, పట్టుకున్నాననుకుని చెయ్యి మొహం దాకా తెచ్చుకుని చూసుకుంది. వేళ్ల మధ్య ఏమీ లేదు.

“రాదండి,” అంది కంపెనీ లాయరుతో. తర్వాత టైపు అమ్మాయితో, “రాసుకో అమ్మా.”

కంపెనీవాళ్లు పక్క గదిలోకి వెళ్లి మాట్లాడుకొచ్చారు. ఆపరేషన్‌కి సరిపడా, ఆపైన ఆవిడ పనికి కొంత, ఇస్తామన్నారు. లాయరు వరండాలోకి వచ్చి టైలరు భుజం తట్టాడు. “ఖర్చులు పోను అందులో మూడో వంతు నాది. ముందే చెప్పాను కదా.”

“చెప్పారండీ,” అన్నాడు టైలరు. “అది చెప్పారు.”

మెట్లు ఆవిడే ముందు దిగింది. కింది మెట్టు మీద ఆగి, “నాలుగు నెలలు నన్ను పిచ్చిదాన్ని చేశారు,” అంది. “చెయ్యి వచ్చేసిందని ఎంత మురిసిపోయానో! ఆ బొద్దు మూలల కాజాలు నా పేరు మీద ఊరంతా తిప్పారు!” ఎడం చేత్తో ఆయన భుజం మీద ఒక్కటి వేసి, ఆ భుజం మీదే తల పెట్టి ఏడ్చింది. దారినపోయేవాళ్లు చూస్తున్నారు. ఆయన గొడుగు పట్టుకుని నిలబడ్డాడు, వాన లేకపోయినా.

కొట్టుకి వచ్చాక ఆవిడ నోటు పుస్తకం తెరిచి, కొత్త పేజీ నెత్తిన లాయరు రాసిన మాటనే మళ్లీ రాసింది. పెన్ను పిడికిట్లో పట్టుకుని చాలాసేపు రాసింది. ఆయన దగ్గరికి రావడానికి భయపడి, కత్తిరించిన ఎడమ చేతులు రెండూ మడతపెడుతూ కూర్చున్నాడు. పుస్తకం ఆవిడే ఆయన ముందుకు తోసింది.

ఈ రోజు చేయలేకపోయినవి. సూది పైకి తీయలేకపోయాను. ఈయనకి మూల తిప్పడం ఇంకా నేర్పలేకపోయాను.

ఆవిడ స్టూలు ఆయన పక్కకి లాక్కుని కూర్చుంది. “సూది తీయండి,” అంది.