దొరసాని నోరు మూసిన రోజు

ఓవర్‌కోట్లు వేసుకున్న ఇద్దరు వాల్వుల బల్ల దగ్గరికి వచ్చి డెల్ఫీనాను జుట్టు పట్టుకుని లేపారు. ఆమె చేతులకు ఇంకా గ్రీజు ఉంది. "చేతులన్నా తుడుచుకోనివ్వండి" అంది. తుడుచుకోనివ్వలేదు. షెడ్డులో అంతమందిమి ఉన్నాం, ఒక్కరం కదల్లేదు. బోసీసియో మేస్త్రి "పని, పని" అంటూ చప్పట్లు కొట్టాడు. తలలు దించుకున్నాం.

తలలు దించుకున్నాం గాని ఓరచూపులు ఆగలేదు. పోలీసులకు ఎవరు చెప్పారు? పక్కవాడా, ఎదుటివాడా? 

మా ఫ్యాక్టరీ మిలాన్ శివార్లలో ఉంది. బాంబర్ విమానాలకు గుండ్రటి ఇంజన్లు చేస్తాం, చుట్టూ సిలిండర్లు పేర్చినవి. మొదటి నక్షా ఇంగ్లండు వాళ్లది. యుద్ధానికి ముందు మా యజమానులు లైసెన్సు కొనుక్కొచ్చి, ఇక్కడో పంపు అక్కడో బోల్టు మార్చి, ఒక్కో రకానికి కొత్త నంబరు వేసి, అన్నీ తమ సొంత బిడ్డలే అని చెప్పుకున్నారు. ఇప్పుడు ఇంగ్లండు శత్రువు. ఇంగ్లీషు మాట పలికితే మేస్త్రి జరిమానా వేస్తాడు. ఆ మంట కొద్దీ మా పరీక్ష షెడ్డులో ఇంజనుకు ఇంగ్లీషు దొరసాని అని పేరు పెట్టుకున్నాం. మేస్త్రి లేనప్పుడు మాత్రమే ఆ పేరు. "దొరసానికి దగ్గొచ్చింది", "దొరసాని నూనె కక్కింది" అనుకునేవాళ్లం. మా ఇళ్ల మీద బాంబులేసే విమానాల్లోనూ కొన్నింట్లో దొరసాని చెల్లెళ్లే అరుస్తుంటారు. దొరసాని ఎక్కడ అరిచినా చచ్చేది మాలాంటి వాళ్లే, డబ్బు చేసుకునేది యజమానులే.

పొద్దున్నించి సాయంత్రం దాకా పరీక్ష బల్ల మీద ఇంజను మోగుతూనే ఉంటుంది. ఆ మోత గోడ దాటి పేటంతా వినిపిస్తుంది. అది ఆగిపోతే మిగతా షెడ్లు, గోడ అవతలి కేబుళ్ల ఫ్యాక్టరీ కూడా పని ఆపాలని, అదే సమ్మెకు సైగ అని మాట అనుకున్నాం. సైరన్ యజమానుల చేతుల్లో ఉంది, మోత మా చేతుల్లో ఉంది. గురువారం బ్రెడ్డు క్యూలో డెల్ఫీనా నవ్వుతూ నాతో అంది: "సోమవారం ఇంగ్లీషు దొరసాని నోరు మూయిస్తాం, చూడవే ఇర్మా." శనివారం ఆమెను పట్టుకుపోయారు.

అందరి అనుమానమూ గౌడెంజియో మీదే. బాంబులకు ఇల్లు పోయి జెనోవా నుంచి ఈ మధ్యే వచ్చాడు. పరీక్ష బల్ల దగ్గర ఇంజను వేగం పెంచి తగ్గించే థ్రాటిల్ పట్టుకునే పెద్దాయన. ఎవరితోనూ కలవడు. పైగా కోటుకు ఫాసిస్టు పార్టీ బిళ్ల. 

డెల్ఫీనాను పట్టుకుపోయిన ఆ పొద్దున్నే పోలీసు ఇన్‌స్పెక్టరు మేస్త్రి గదిలో కూర్చుని మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచాడు. నన్ను చూసి మెల్లగా అడిగాడు: 

"ఆ ఇంగ్లీషు దొరసాని ఎవరు? ఎవరింట్లో దాచారు?"

నవ్వు తన్నుకొచ్చింది, పళ్ల బిగువున ఆపుకున్నాను. 

"తెలీదు సార్."

"దాని నోరు మూయిస్తామన్నారట. అది ఏం చెప్పేస్తుందని మీ భయం?"

"నాకేం తెలీదు సార్."

లోపల అడిగింది బయట చెప్పొద్దని బెదిరించి పంపాడు. బయటికి వచ్చి నేను ఎవరికీ చెప్పలేదు. మిగతావాళ్లూ నాకు చెప్పలేదు. ఎవరికి ఏం ఆశ పెట్టారో ఎవరికి తెలుసు?

మధ్యాహ్నం క్యాంటీన్లో పల్చటి టర్నిప్ సూప్ ముందు కూర్చుని ఎవరి గిన్నెలోకి వాళ్లు చూసుకుంటున్నాం. చివరగా గౌడెంజియో వచ్చాడు. ఫిట్టర్ బాటిస్టా కాలు అడ్డం పెట్టాడు.

"ఏం బాబాయ్, మా పేర్లన్నీ వాళ్లకు బాగా పాడొచ్చావా?"

గౌడెంజియో ఆ కాలును తోసేసి గట్టిగా అన్నాడు. "నోరు విప్పొద్దన్నారు. అందుకే విప్పుతున్నా. దొరసాని ఎవరింట్లో పడుకుంటోందని అడిగాడ్రా ఆ వెధవ!"

చెంచాలు ఆగాయి. 

"నన్నూ అదే అడిగాడు" అన్నాడు బాటిస్టా.

"నన్నూ!" "నన్నూనూ!"

అందరం పగలబడి నవ్వాం. ఎన్నాళ్లకో అలా నవ్వడం. నాకే ముందు తట్టింది. "ఆగండర్రా! చెప్పినవాడికి దొరసాని ఎవరో తెలీదు. మన షెడ్డులో తెలియని వాళ్లెవరు? బ్రెడ్డు క్యూలో ఎవడో విన్నాడు. మనవాళ్లు కాదు."

"మరి ఆ బిళ్లేంటి?" బాటిస్టా ఇంకా వదల్లేదు.

"ఇది లేకపోతే పనిస్తారట్రా? మీ అన్న పెట్టుకోలేదూ?" అన్నాడు గౌడెంజియో.

అయినా నాకు గౌడెంజియో మీద నమ్మకం కుదరలేదు. ఈ మాట పోలీసులే నేర్పి పంపారేమో.

"పోయి చెప్పేద్దాం, దొరసానంటే ఇంజనేనని. డెల్ఫీనాను వదిలేస్తారు" అంది ఒక పిల్ల.

"నీ మొహం! నోరు మూయించడమంటే ఏంటని అడుగుతారు. యుద్ధకాలంలో ఇంజను ఆపే కుట్ర. కాల్చేస్తారు."

"చెప్పకపోతే? గూఢచారిని దాచిందని కాల్చేస్తారు!"

గౌడెంజియో బల్ల మీద గుద్దాడు. "ఒక్కతి ఆపాలనుకుంటేనే కుట్ర. అందరం ఆపితే? ఎంతమందిని గోడకు నిలబెడతారు? మనల్ని చంపేసి ఇంజన్లు ఎవరు చేస్తారు, డైరెక్టరుగారి పెళ్లామా?"

సోమవారం కాపలా పెంచారు. నేను వాల్వు రుద్దుతూ గౌడెంజియో చెయ్యే చూస్తున్నాను. వెనకాడితే వాడు వాళ్ల మనిషే అనుకున్నాను. వెనకాడలేదు. థ్రాటిల్ వెనక్కి లాగి, పెట్రోలు కట్టేశాడు. 

చెవులు గింగుర్లెత్తేంత నిశ్శబ్దం. పక్క షెడ్డులో లేత్ మిషన్లు ఒకటొకటే ఆగాయి.

ఇన్‌స్పెక్టరు పరుగెత్తుకొచ్చాడు. బాటిస్టా వంగి దండం పెట్టి ఇంజను చూపించాడు. "దొరసాని కావాలన్నారుగా సార్? ఇదిగో. ఒంటినిండా నూనె, పట్టుకుపొండి."

"దీని నోరు మూయించింది మేమందరం" అన్నాను. "బ్రెడ్డు పెంచండి. ఇళ్లు పోయినవాళ్లకు భత్యం ఇవ్వండి. డెల్ఫీనాను పంపండి."

ఇన్‌స్పెక్టరు మొహం కందగడ్డ అయింది. పోలీసులు గౌడెంజియోను చెంపమీద కొట్టి, చేతులు విరిచి కట్టి ఈడ్చుకుపోయారు. ఆ తోపులాటలో, ఇన్‌స్పెక్టరు వెనకే వచ్చిన డైరెక్టరు మేస్త్రి చెవిలో అన్నది నాకు వినబడింది: "నువ్వే ఇంజను వెయ్యి. మోత వినిపిస్తే అవతలివాళ్లు సమ్మె అయిపోయిందనుకుంటారు."

దొంగ నాయాలు! మోత వాళ్ల చేతికి పోతే అంతా పోయినట్టే. నేను రెంచీ అందుకున్నాను. ఆడవాళ్లందరం ఇంజను మీద పడి స్పార్క్ ప్లగ్గులు విప్పేశాం. వేడికి వేళ్లు బొబ్బలెక్కాయి. ఒక్కొక్కరం ఒక్కోటి రవికెలో దోపుకున్నాం, అక్కడా కాలింది.

మేస్త్రి మీట నొక్కాడు. ప్రొపెల్లరు బద్ధకంగా తిరిగి ఆగిపోయింది.

"ప్లగ్గులేవే?" అని అరిచాడు.

"డెల్ఫీనాను, బాబాయిని తీసుకురా. ఇస్తాం."

"ఒళ్లంతా వెతికిస్తాను!"

"వెతికించు" అన్నాను. ఆడవాళ్లం చేతులు పెనవేసుకుని ఇంజను చుట్టూ నిలబడ్డాం. మా చుట్టూ మగవాళ్లు నిలబడ్డారు. పోలీసులు తుపాకులు గురిపెట్టి ముందుకు అడుగేశారు. అప్పుడే గోడ అవతల కేబుళ్ల ఫ్యాక్టరీ మోత ఆగింది. ఆ తర్వాత ఎవరో బయటినుంచి మా షెడ్డు తలుపులు బాదుతున్నారు, ఒకరు కాదు, వందలమంది.