మెరుపు పోయిన తర్వాత

జర్మనోళ్ల యుద్ధం నడుస్తున్న ఏడు, బిజినేపల్లి మిట్ట చేలో ఆముదానికి కలుపు తీస్తుండగా మబ్బు కమ్మింది. వేపచెట్టు కింద పెట్టిన గొంగడి తెద్దామని కురుమయ్య అటు నడిచాడు. భార్య ఈదమ్మ చూస్తుండగానే మెరుపు దిగింది. ఒక్కటే మెరుపు. కానీ రెప్పలు కొట్టినట్టు మూడు నాలుగుసార్లు అదిరి ఆరిపోయింది. ఆ వెంటనే చెవులు పగిలే చప్పుడు. కురుమయ్య బురదలో వెల్లకిలా పడి ఉన్నాడు.

ఈదమ్మ పరుగెత్తింది. చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి మామ తిరుపతయ్య కేక వేశాడు.

"ముట్టకు! పిడుగు ఇంక వాని ఒంట్లనే ఉంటది. వాన వెలిసేదాంక ఆగు. పిలగాండ్లకు తల్లి గూడ లేకుంట జేస్తవా?"

ఈదమ్మ ఆగిపోయింది. తెరుచుకున్న అతని కళ్లలో వాన పడుతోంది. కనీసం కొంగైనా అడ్డం పట్టాలనుకుంది. పట్టలేదు. నిలబడి ఏడ్చింది.

పక్క చేలోంచి ముసలి కుల్సుమ్‌బీ వచ్చింది. "ఏందే, బొమ్మలెక్క నిలవడ్డవు? మనిషి గుటకలేస్తుండు, కండ్లు కనపడ్తలేవా?"

"ముడితే పిడుగు నీకొస్తది!" అన్నాడు తిరుపతయ్య.

"రానీ. నాకోసం ఏడ్చేటోళ్లు ఎవరున్నరు?" అని ఆమె బురదలో కూలబడి అతని తల ఒళ్లో పెట్టుకుంది. ఆమెకేమీ కాలేదు.

పొద్దుగూకేసరికి కురుమయ్య కాళ్లు కదిలాయి. కొద్దిరోజులకు నడిచాడు. కుడిచెయ్యి మాత్రం మొద్దుబారిపోయింది. "పిడుగు ముట్టి చూసి, వీనికాడ ఏం లేదని పోయింది బిడ్డా," అని కుల్సుమ్‌బీ అంటే అందరితోపాటు తనూ నవ్వాడు.

ఒకనాడు ఈదమ్మ రొట్టె తుంచి నోట్లో పెడుతుంటే మెల్లగా అన్నాడు.

"నాకన్నీ వినపడ్డయి. కాలు లేవలె, నోరు లేవలె గాని, నువ్వు ఏడ్సుడు వింటనే ఉన్న. అది కొట్టింది, ఎంటనే పోయింది. నా ఒంట్ల ఏం లేకుండె."

ఆమె చేతిలో రొట్టె అట్లాగే ఉండిపోయింది. "మామ ఒద్దన్నడు."

"ఎరికే. నువ్వు పడ్డా నేను గట్లనే నిలవడుదును."

తిట్టినా బాగుండేది. అతను అట్లా నిలబడడని ఆమెకు తెలుసు. ఆమెకు గత్తర రోగం సోకిన ఏడు, ఈ ఇంటి గడప ఎవరూ తొక్కనప్పుడు, ఆమె వాంతులు ఎత్తిపోసింది ఈ మనిషే. ఆ గుడ్డలు ఉతికిందీ ఈయనే. ఆ చాకిరీ మాట అతను మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఆముదం వెచ్చచేసి, ఆ కుడిచెయ్యి తన ఒళ్లో పెట్టుకుని భుజం నుంచి కిందికి రాసింది. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. మోచేతి దాకా వచ్చి ఆగింది.

"నా చెయ్యి తెలుస్తున్నదా?"

కురుమయ్య గోడవైపే చూస్తూ, "ఆఁ, తెలుస్తుంది. జర వెచ్చగనే ఉంది," అన్నాడు.

అప్పటికి ఆమె చెయ్యి నూనె గిన్నెలో ఉంది.